పద్దెనిమిది రాళ్ల పెట్టె, అందులో ఒక దొంగ రాయి

ఐదుకి రెండున్నర స్టార్లు ఇస్తున్నా. రెండు స్టార్లు పెట్టెలో వచ్చిన సామాన్లకి, ఆ అర మాత్రం అందులో దూరిన ఒక దొంగ రాయికి. అదేంటో కిందికి వెళ్తే తెలుస్తుంది.

మా పాప ఆరో తరగతి. అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని మూడు పేర్లూ గడగడా అప్పజెప్తుంది, మన ఇంటి ముందు మెట్టు ఏ రాయమ్మా అంటే మాత్రం "మామూలు రాయి నాన్నా" అంటుంది. చేత్తో పట్టుకుని చూస్తే బుర్రకెక్కుతుందిలే అని ఆన్‌లైన్‌లో ఒక జియాలజీ కిట్ బుక్ చేశా, 1,349 రూపాయలు. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇదే పెట్టె ఇవే ఫోటోలతో నాలుగైదు పేర్ల మీద కనపడుతోంది, ఒకళ్లని అని లాభం లేదు.

పద్దెనిమిది గడుల ట్రే, గడికో రాయి, భూతద్దం, చిన్న అయస్కాంతం, రాయిని గీసి గీటు రంగు చూసే తెల్ల పింగాణీ బిళ్ల, ఒక ఇనుప మేకు, ప్లాస్టిక్ అగ్నిపర్వతం, దాంట్లో పోయడానికి వంటసోడా పొట్లం ఒకటి, నిమ్మ ఉప్పు పొట్లం ఒకటి, ఎర్ర రంగు, నలభై పేజీల పుస్తకం. ప్యాకింగ్ బాగుంది, కర్నూలు దాకా ఒక్క రాయి కూడా పగలకుండా వచ్చింది అని రాయబోయి ఆగా, రాయి పగలకపోవడం కూడా గొప్పేనా అని.

ముందు పుస్తకం సంగతి. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. ఆ తెలుగు ఏ మనిషీ రాసింది కాదు, మిషన్‌లో వేసి తిప్పింది. "భూమి యొక్క పై పెంకు పెద్ద పళ్ళెములుగా విభజించబడినది, పళ్ళెములు కదులును" అని ఉంది. ప్లేట్లు కాస్తా పళ్లేలయ్యాయి. ఇంకో చోట రాతి పొరలు, ఇంగ్లిష్‌లో బెడ్స్ అంటారు, "రాతి మంచములు" అయ్యాయి. అన్నిటికన్నా గొప్పది ఇది: "భూమిలో తప్పు ఉన్న చోట భూకంపములు వచ్చును." మా అమ్మ అది చదివి, "రాక మరి, జనాల్లో పాపాలు ఏమన్నా తగ్గినాయా" అంది. ఫాల్ట్ అన్న మాటని తప్పు అని మార్చిన పుణ్యం అది, కానీ నవ్వి వదిలేసే విషయం కాదు, మా అమ్మ నిజంగానే అలా అర్థం చేసుకుంది.

స్కూలు పుస్తకంలో దాన్ని భ్రంశం అంటారు. అది సరైన మాటే, కానీ పదకొండేళ్ల పిల్లకి భ్రంశం అన్నా తప్పు అన్నా ఒకటే, రెండూ అర్థం కావు. నేను రేగడి చేను చూపించి చెప్పా. ఎండాకాలం నేల బీటలు వారుతుంది కదా, ఆ బీటకి అటుపక్క నేల ఇటుపక్క నేలని రాసుకుంటూ జరిగిందనుకో, అదే ఫాల్ట్. జరగాల్సింది జరగకుండా ఏళ్ల తరబడి పట్టేసుకుని ఉండి, ఇక ఆగలేక ఒక్కసారిగా జారితే ఆ అదురే భూకంపం. నిమిషం పట్టలేదు అర్థం కావడానికి. ఇక ప్లేటుకి తెలుగులో పలక అనే మంచి మాట ఉంది, దాంతో నాకు కొత్త తంటా వచ్చింది: పాప జన్మలో రాతి పలక పట్టుకోలేదు. మేం మార్కాపురం పలకల మీద బలపంతో రాసి, ఉమ్మితో తుడిచి, దెబ్బలు తిన్న వాళ్లం. ఆ పలకా రాయే, ఒకప్పటి బురద గట్టిపడి, భూమి లోపలి ఒత్తిడికి రేకులు రేకులుగా విడిపోయేలా మారిన రాయి. బలపం ఇంకో రాయి, గోటితో గీసినా గీత పడేంత మెత్తన. రెండు రాళ్లు ఒళ్లో పెట్టుకుని ఐదేళ్లు చదివాం, అవి రాళ్లని మాకూ ఎవరూ చెప్పలేదు.

పుస్తకంలో నాకు ఒళ్లు మండింది మాత్రం ఇరవై ఆరో పేజీ దగ్గర. "దక్షిణ భారతదేశములో భూకంపములు రావు" అని ఒక డబ్బా కట్టి మరీ వేశారు. 2024 డిసెంబర్ 4న పొద్దున 7:27కి ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు హనుమకొండలో ఉన్న మా అక్క పొయ్యి మీద పాలు వదిలేసి, పిల్లాడిని చంకనేసుకుని మూడో అంతస్తు నుంచి కిందికి పరిగెత్తింది. పాలు పొంగి స్టవ్ ఆరిపోయి గ్యాస్ వాసన వస్తే అప్పుడు గుర్తొచ్చి బావ పైకెళ్లి కట్టేశాడట. హైదరాబాద్ దాకా తెలిసింది ఆ కుదుపు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, అది ఇంకా పెద్దది. స్కేలు మీద ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు, కాబట్టి 5.3కీ 7.0కీ తేడా రెండు మార్కుల తేడా లాంటిది కాదు, కొన్ని వందల రెట్లు. ములుగు, భద్రాచలం రెండూ గోదావరి లోయలోనే ఉండటం ఊరికే కాదు. కోట్ల ఏళ్ల కిందట అక్కడ భూమి అటూ ఇటూ సాగి, మధ్య భాగం పొడుగ్గా కిందికి దిగబడింది. ఆ పల్లంలో అడవులు కూరుకుపోయే మన సింగరేణి బొగ్గు అయింది, ఆ అంచుల వెంట ఉన్న పాత బీటలే అప్పుడప్పుడూ కదులుతున్నాయి. హిమాలయాల పక్కన వచ్చినంత పెద్దవి ఇక్కడ వస్తాయని కాదు. అసలు రావు అని పిల్లల పుస్తకంలో అచ్చు వేస్తే, వచ్చిన రోజు వాట్సాప్‌లో "రాత్రి పదకొండుకి ఇంకా పెద్దది వస్తుంది" అని ఎవడు పంపినా జనం నమ్ముతారు, మా అక్క వాళ్ల అపార్ట్‌మెంట్ వాళ్లు నమ్మారు కూడా. ఎన్ని గంటలకి వస్తుందో ముందే చెప్పే విద్య ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు, ఆ ఒక్క వాక్యం ఆ డబ్బాలో వేసి ఉంటే ఇంకో స్టార్ ఇచ్చేవాణ్ణి.

ఇక అగ్నిపర్వతం. పిల్లలకి నచ్చుతుంది, కాదనను, మా పాపా, ఎదురింటి ఇద్దరు పిల్లలూ వరండా అంతా ఎర్రగా చేసి పెట్టారు. అయితే సోడా, పులుపు కలిస్తే వచ్చే నురగకీ లావాకీ చుట్టరికం లేదు. లావా అంటే కరిగిన రాయి, లోపల ఆవిరీ గ్యాసులూ ఇరుక్కుని ఉండి పైకొచ్చేకొద్దీ వ్యాకోచించి తన్నుకొస్తాయి. అన్నీ శంఖంలా కొండలే అవ్వాలని కూడా లేదు. మన దక్కనులో 6.6 కోట్ల ఏళ్ల కిందట జరిగింది చూడండి, నేల పొడుగాటి పగుళ్లుగా విచ్చుకుని అందులోంచి లావా వరదలా పారింది, ఆరాక దాని మీద ఇంకోసారి, ఇంకోసారి. ఇప్పుడు మిగిలిందే దాదాపు ఐదు లక్షల చదరపు కిలోమీటర్లు. అదిలాబాద్, వికారాబాద్ వైపు నల్ల రాళ్లు అవే. రాజమండ్రి పక్కన కాతేరులో కూడా అదే రాయి ఉంది, పడమటి కనుమల వైపు నుంచి పాత నదీ లోయల వెంట అంత దూరం పారి వచ్చిందని పరిశోధకులు అంటున్నారు. రాష్ట్రం ఈ చివరి నుంచి ఆ చివరికి మనకి రైల్లో వెళ్లాలంటేనే విసుగు. ఇంత కథ ఇంటి పక్కనే పెట్టుకుని పుస్తకంలో వేసింది ఇటలీ కొండ బొమ్మ.

నురగ ఆట అయ్యాక నిమ్మ ఉప్పు సగం మిగిలింది. అసలు కథ అక్కడ మొదలైంది.

దాన్ని రెండు చెంచాల నీళ్లలో కలిపి, ఖాళీ కంటిచుక్కల సీసా బాగా కడిగి అందులో పోసి, ఒక్కో రాయి మీద ఒక్కో చుక్క వేసుకుంటూ పోయాం. లెక్క తేలిక. సున్నం ఉన్న రాయికి పులుపు తగిలితే బుడగలొస్తాయి. గ్రానైట్ మీద చుక్క అలాగే నిలబడింది. పలుగురాయి మీదా అంతే. నాలుగో గడి సున్నపురాయి మీద సన్నగా నురగ, పాలరాయి మీద ఇంకొంచెం. తొమ్మిదో గడిలో బేసాల్ట్, లేబుల్ మీద "లావా చల్లారి ఏర్పడినది" అని రాసి ఉంది, నల్లగా, సన్నటి రేణువుతో, పుస్తకంలో చెప్పినట్టే ఉంది, దాని మీద కూడా ఏమీ రాలేదు, సరే అనుకున్నాం. అయితే చుక్క వేసే ముందు మేకుతో గీకి కొంచెం పొడి చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది, పుస్తకంలో లేదు గానీ నాకు డిగ్రీలో మా కెమిస్ట్రీ సార్ చెప్పింది గుర్తుంది. పాపకి పని దొరికింది, అన్నిటినీ గీకుతూ కూర్చుంది.

"నాన్నా, తొమ్మిదోది పొంగుతోంది."

నేను నమ్మలేదు. సీసాలో ఏదో కలిసిందనుకుని వంటింట్లోంచి అసలు నిమ్మకాయే తెచ్చి పిండా. మళ్లీ పొంగింది. భూతద్దం పెట్టి చూస్తే గీకిన చోట బూడిద రంగు పొడి, దాని మీద ఆవగింజలో పావు వంతు ఉండే బుడగలు, ఒకటి ఉబ్బి పగిలేలోపు పక్కన రెండు పుట్టడం. లావా రాయికి సాధారణంగా నిమ్మకాయతో పని లేదు, మేకు కూడా దాని మీద అంత తేలిగ్గా దిగదు. రాయిని తిరగేస్తే అడుగు భాగం చదునుగా ఉంది, దాని మీద సన్నటి గీతలు, వరసగా, ఒకే ఎడంలో. రంపం చారలు.

లావా రంపంతో కోసుకుని రాదు కదా. ఫోటో తీసి మా మేనమామకి పంపా. ఆయన బేతంచెర్లలో ముప్పై ఏళ్లుగా బండల పాలిష్ పనిలో ఉన్నాడు. వెంటనే ఫోన్. "ఏందిరా అల్లుడూ, కడప బండ ముక్కని ఫోటో తీసి పంపినావు, వంటింట్లోకి కావాల్నా?" ఇది లావా రాయని కొన్నా మామా అంటే అయిదు నిమిషాలు నవ్వాడు. లెక్కేసి చూస్తే ఆ ముక్క నాకు 75 రూపాయలు పడింది. "ట్రాక్టర్లకెత్తి రోడ్డు పక్కన పారబోస్తాం రా ఆ ముక్కల్ని, లోడు పంపిస్తా, డబ్బులు కొట్టు" అన్నాడు.

కడప బండ అంటే నల్ల సున్నపురాయి. మా ఇళ్లల్లో పరిచే బేతంచెర్ల నాపరాయీ సున్నపురాయే. నాపబండ మీద నిమ్మకాయ కోస్తే మా అవ్వ ఊరుకునేది కాదు, "బండ కాలిపోతాదిరా" అని అరిచేది, బాత్రూం యాసిడ్ పడితే తెల్ల మచ్చ పడి మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే అని ఇక్కడ మేస్త్రీలందరికీ తెలుసు. అంటే ఆ పరీక్ష మా ఇంట్లో మూడు తరాలుగా చేస్తూనే ఉన్నాం. (ఆ యాసిడ్‌ని మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు, నిమ్మకాయ చాలు.)

తర్వాతి ఆదివారం బెలుం గుహలకి వెళ్లాం. ఇంతకుముందు రెండుసార్లు చూశా, కోటిలింగాలు, మర్రిచెట్టు, పాతాళగంగ అని బోర్డులు చూసుకుంటూ చెమటలు తుడుచుకుంటూ బయటపడటమే. ఈసారి పాప గోడకి చెయ్యి ఆనించి "ఇవి మన బండలే" అంది. నిజంగానే గోడ నిండా అడ్డంగా పొరలు, ఎవరో బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. ఇంత గుహ ఎట్లా పడిందీ అంటే మా వరండాలో జరిగిందే ఇక్కడా, కాకపోతే చాలా నిదానంగా. వాన నీళ్లు గాల్లోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కాస్త పులుపెక్కుతాయి, సోడాలో ఉండేదే, బాగా పలచన. ఆ నీళ్లు సున్నపురాయి సందుల్లోకి దిగి, లోపల పారి, లక్షల ఏళ్లు తిన్నాయి. తిన్న సున్నాన్నే చుక్క చుక్కగా పైకప్పు నుంచి దించి మళ్లీ రాయి చేస్తే అవి లింగాలు. 3,229 మీటర్ల పొడుగు, లోతైన చోటు పాతాళగంగ దగ్గర 46 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు, 1982-83లో డేనియల్ గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి కొలిచి పటం గీశాడు, 2002 నుంచి టికెట్ పెట్టి చూపిస్తున్నారు. అసలు ఆ సున్నపురాయి ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్నది, డైనోసార్లు కాదు, చేపలు కూడా ఇంకా పుట్టని కాలం. నంద్యాల జిల్లాలో సముద్రం అంటే పాప నా మొహం చూసింది. నన్ను అబద్ధాలకోరు అనుకోవడం మొదలుపెట్టిందేమో తెలీదు.

కస్టమర్ కేర్‌కి తొమ్మిదో రాయి గురించి ఫోటోలతో సహా మెయిల్ పెట్టా. "సహజ రాళ్లు కాబట్టి స్వల్ప తేడాలు ఉండును" అని జవాబు. మళ్లీ పెట్టా. వారానికి కొత్త బేసాల్ట్ వచ్చింది కొరియర్‌లో. నిమ్మకాయ పిండితే అదీ పొంగింది, ఈసారి రెండు వైపులా రంపం చారలు.

ఇంకో రెండు ఫిర్యాదులు గబగబా. పదిహేనో గడిలో నీలం రంగు అగేట్ అద్భుతంగా మెరుస్తోంది, నెయిల్ పాలిష్ చెరిపే మందులో దూది ముంచి రుద్దితే దూది నీలమైంది, రంగు అద్దిన రాయి అది. పెట్టె అడుగున ఒక మడత కాగితం, ఏ రాయి ఏ రాశి వాళ్లకి మంచిది, దిండు కింద ఏది పెట్టుకుంటే టెన్షన్ తగ్గుతుంది అని. భూమి గురించి నేర్పే పెట్టెలో ఇదేం పైత్యం. దాన్ని అమ్మకి దొరక్కుండా చించేశా, లేకపోతే నా దిండు కింద ఈపాటికి ఏదో ఒక రాయి ఉండేది.

బాగున్నవీ చెప్పాలి. భూతద్దం గట్టిది, మంచి అద్దం. దాంతో గ్రానైట్ ముక్క చూస్తే మూడు రకాల గింజలు వేరువేరుగా కనపడతాయి, గాజులా ఉండేది పలుగు, లేత గులాబీ రంగుది ఫెల్డ్‌స్పార్, నల్లటి రేకులు అభ్రకం, మనం కాకిబంగారం అంటామే అదే. అదే భూతద్దం మా వంటగట్టు మీద పెట్టా, షాపులో బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అని అమ్మిన చీమకుర్తి రాయి, అందులో ఆ గులాబీ గింజలే లేవు, షాపులో గ్రానైట్ అన్నంత మాత్రాన గ్రానైట్ కాదు, అది గాబ్రో జాతి నల్ల రాయి, బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజం. పింగాణీ బిళ్ల కూడా డబ్బులకి తగ్గది. హెమటైట్ అనే ఇనుప రాయి చూడ్డానికి ఉక్కులా నల్లగా ఉంటుంది, బిళ్ల మీద గీస్తే అచ్చం జాజు రంగు గీటు, గోడలకి పూసే ఎర్రమన్ను ఎందుకు ఎర్రనో అప్పుడు తెలిసింది. ఆ గీటు చూసి పాప "అబ్బ" అంది, 1,349లో ఒక మూడు వందలు ఆ అబ్బకే రాసేసుకున్నా. పింగాణీ బిళ్ల కోసం పెట్టె కొనక్కర్లేదు, టైల్ వెనక వైపు మెరుపు లేని భాగం మీద గీసినా అంతే.

ఇప్పుడు ట్రేలో సగం రాళ్లు మావే. రంగు అగేట్ తీసేసి మంగంపేట ముగ్గురాయి పెట్టాం, రైల్వే కోడూరులో ఉండే మా తోడల్లుడు ఇచ్చాడు. ఇంటికి ఎవరొచ్చినా పాప ముందు మామూలు రాయి ఒకటి, తర్వాత అంతే ఉన్న ముగ్గురాయి చేతిలో పెడుతుంది, చెయ్యి కిందికి జారుతుంది, అంత బరువు. మామూలు రాయి నీళ్లకన్నా 2.7 రెట్లు బరువుంటే ఇది 4.5 రెట్లు దాకా ఉంటుంది, అందుకే చమురు బావులు తవ్వేటప్పుడు బురద బరువెక్కడానికి దీన్ని పొడి కొట్టి కలుపుతారు. నాలుగో గడిలో బేతంచెర్ల నాపముక్క, పదకొండులో పగిలిన మార్కాపురం పలక, అటక మీద దొరికింది. ఇంకో గడిలో జొన్నగిరి చేలల్లో తొలకరికి అందరితో పాటు మేమూ వజ్రాలు వెతకడానికి వెళ్లి తెచ్చిన పలుగురాయి. వజ్రం కాదని దారిలోనే తెలుసు, అయినా పారేయబుద్ధి కాలేదు.

కొనాలా వద్దా అంటే, ఐదు వందల లోపు వస్తే కొనండి, పుస్తకం తీసి పక్కన పడేసి సామాన్లు వాడుకోండి. పూర్తి రేటుకైతే వద్దు, భూతద్దం, మేకు, అయస్కాంతం, టైల్ ముక్క, నిమ్మకాయ చాలు. రాళ్లకి మీ ఊళ్లో బండల షాపు వెనక ఉండే కుప్పే దిక్కు, అడిగితే ఎవరూ కాదనరు.

తొమ్మిదో గడి ఖాళీగానే ఉంది. దొంగ రాళ్లు రెండూ పాప విడిగా ఒక డబ్బాలో వేసి "నకిలీ లావా" అని చీటీ అంటించింది. కాతేరు వైపు నుంచో వికారాబాద్ వైపు నుంచో ఎవరైనా కర్నూలు వస్తుంటే బొటనవేలంత నల్ల రాయి ఒకటి తెచ్చిపెట్టండి. నిమ్మకాయ మా దగ్గర ఉంది.